వరుస మార్చింది నేనే

ఈ బరువును ఎన్నేళ్ళుగా మోస్తున్నానో లెక్కపెట్టుకోవడం ఎప్పుడో మానేశాను. వంటింట్లో ఉన్నప్పుడు గుర్తొస్తుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు గుర్తొస్తుంది. ఎవరైనా నా పనిని మెచ్చుకున్నప్పుడైతే తప్పకుండా గుర్తొస్తుంది. నవ్వి ఊరుకుంటాను. నాకు గర్వం లేదని వాళ్ళు అనుకుంటారు.

మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను. ఎందుకంటే నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. ఇది ధైర్యం కాదని నాకు తెలుసు. ధైర్యమే ఉంటే, ఈ మాట చెప్పాల్సిన మనిషి వేరే ఉన్నాడు. ఆయన ఉండే ఊరికి ఇక్కణ్ణుంచి బస్సులు కూడా ఉన్నాయి.

సూటిగా చెప్పేస్తాను, లేకపోతే చుట్టూ తిరిగి మళ్ళీ తప్పించుకుంటాను. నేను చేసిన తప్పు ఇంకొకాయన నెత్తిన పడింది. పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. నిలబడ్డాను అనడం కూడా నన్ను నేను కాపాడుకోవడమే. నలుగురి ముందూ అబద్ధమాడి ఆ తప్పును ఆయన నెత్తిన పెట్టింది నేనే.

మాది బందరు. నాన్న ఒక ఆఫీసులో రికార్డు గుమస్తాగా చేసి రిటైరయ్యారు. ఫైళ్ళన్నీ అక్షరక్రమంలో ఉండాలి, కాగితాల అంచులన్నీ కలవాలి, అది ఆయన పట్టింపు. ఇంట్లో పోపు డబ్బాలు కూడా అంతే. ముందు ఆవాలు, తర్వాత జీలకర్ర, ఆ తర్వాత ధనియాలు, చివర మెంతులు. "మీ నాన్న నన్ను కూడా ఏదో ఒక బీరువాలో పేరు రాసి పెట్టేస్తాడే" అని అమ్మ ఏడిపించేది. అమ్మ పోలిక నాకు రాలేదు. ఎవరింటికి వెళ్ళినా సోఫా మీద దిండ్లు సర్దకుండా కూర్చోలేను. చిందరవందరగా ఉన్నది కనిపిస్తే చేతులు దురదపెడతాయి. చాలాకాలం ఇది నాలోని మంచి గుణం అనుకున్నాను.

పెళ్ళయ్యాక గుడివాడ వచ్చాను. విజయవాడలో ఒక చిన్న కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తుంటాను. కాలువల మీద, మురుగు డ్రెయిన్ల మీద ఉండే షట్టర్లను కరెంటుతో ఎత్తి దించే పెట్టెలు మా కంపెనీ తయారుచేస్తుంది. పెట్టె అంటే లోపల ఒక చిన్న కంప్యూటర్. అందులో అన్నిటికన్నా అడుగున ఉండే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. నా పని దానిమీదే.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. చెప్పకపోతే నా తప్పు ఏమిటో మీకు తెలియదు, తెలియకపోతే పాపం పోనీలే అనేస్తారు. అలా అనకూడదు.

కరెంటు రాగానే పెట్టెలో ముందు మేలుకునేది కెర్నెల్. మిగతావాటిని ఒక్కొక్కటిగా లేపడం దాని పని. షట్టరు ఎత్తే మోటారు, నీటిమట్టం కొలిచే గేజి, ఆఫీసుకు కబురు పంపే సిమ్ కార్డు ముక్క, అన్నీ నిద్రలోనే ఉంటాయి. ఒక్కోదానితో మాట్లాడటానికి ఒక్కో చిన్న ప్రోగ్రాము ఉంటుంది, దాన్ని డ్రైవర్ అంటారు. ఏ డ్రైవర్‌ను ముందు లేపాలి, దేన్ని తర్వాత లేపాలి అన్నదానికి ఒక వరుస ఉంటుంది. మా ఇంట్లో పొద్దున్నే ఎవరో ఒకరు లేచి మోటారు వేస్తే గానీ ట్యాంకులోకి నీళ్ళు రావు. ట్యాంకులో నీళ్ళు లేనప్పుడు కాఫీకి పొయ్యి ముట్టించి ఏం లాభం? అక్కడా అంతే. నీటిమట్టం చెప్పేది ముందు లేవాలి. ఆ మట్టాన్ని బట్టి షట్టరు ఎత్తేది తర్వాత లేవాలి.

దివిసీమలో, అవనిగడ్డ దాటి సముద్రం వైపు వెళ్తే, పొలాల మురుగునీరు మోసుకెళ్ళే ఒక డ్రెయిన్ చివర అలాంటి షట్టరు ఉంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు దాన్ని దించి ఉంచాలి, లేకపోతే ఉప్పునీరు డ్రెయిన్‌లోకి ఎదురెక్కి పొలాల్లోకి పోతుంది. సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ ఎత్తాలి, లేకపోతే వాననీరు పొలాల్లోనే నిలబడిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. డ్రెయిన్‌కు ఒకవైపు వరి రైతులు, రెండోవైపు రొయ్యల చెరువుల వాళ్ళు. వరికి ఉప్పునీరు విషం. రొయ్యకు అదే కావాలి. అందుకని షట్టరు ఎత్తి దించే కాపలా మనిషి, లస్కరు మీద అందరికీ ఎప్పుడూ ఒక కన్ను ఉంటుంది. ఎత్తితే చెరువుల వాళ్ళకు అమ్ముడుపోయాడంటారు, దించితే రైతుల మనిషి అంటారు.

ఆ షట్టరు లస్కరు నాంచారయ్య. పర్మినెంటు ఉద్యోగి కాదు, కాంట్రాక్టు మీద పెట్టుకున్న మనిషి. పెట్టె బిగించిన వేసవిలో చాలా రోజులు నేను అక్కడికి తిరిగాను. నేను వెళ్ళేసరికి షట్టరు పక్కనున్న గది నీడన స్టూలు వేసి ఉంచేవాడు. తాటాకు దొన్నెలో ముంజెలు పెట్టి, ఈగలు వాలకుండా పైన ఇంకో ఆకు కప్పేవాడు. నేను ఆయన్ను బాబాయ్ అనేదాన్ని. ఆయన నన్ను అమ్మాయిగారూ అనేవాడు. ఎన్నిసార్లు వద్దన్నా ఆ 'గారు' వదల్లేదు.

పెట్టె వచ్చాక తనను తీసేస్తారేమోనని ఆయనకు భయంగా ఉండేది. తీసెయ్యరని, ఇకనుంచి చేత్తో హ్యాండిల్ తిప్పే బాధ తప్పుతుందని, రోజంతా కాపలా కూర్చోనక్కర్లేదని, అన్నీ పెట్టే చూసుకుంటుందని చెప్పాను. మీరు పెట్టె మీద దుమ్ము పడకుండా చూసుకుంటే చాలు బాబాయ్ అన్నాను. అది నా పట్టింపు. ఆయన దాన్ని ఆజ్ఞలా తీసుకున్నాడు. రోజూ పొద్దున్నే భుజం మీది తువ్వాలుతో పెట్టెను అద్దంలా తుడిచేవాడట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోలేను.

ఆ కెర్నెల్ మీద నాకు ముందు పనిచేసినాయన ఒకరు ఉండేవారు. నేను చేరేసరికే ఉద్యోగం మానేసి వెళ్ళిపోయారు. ఆయన రాసిన ఫైళ్ళు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎక్కడిదక్కడ వదిలేసినట్టుండేవి. డ్రైవర్ల పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి ఉండే ఫైలు ఒకటుంది. అందులో వరుసకు ఒక అర్థం లేదు, ఒక పద్ధతి లేదు. గేజి డ్రైవర్ 'లెవెల్' ముందు, షట్టరు డ్రైవర్ 'గేట్' తర్వాత, మధ్యలో ఏవేవో. ఎందుకలా పెట్టారో ఒక్క ముక్క రాసి ఉండలేదు. ఈయన ఇల్లు ఎలా ఉండేదో అనుకుని నవ్వుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం పని పెద్దగా లేదు. ఆ ఫైలు తెరిచి, పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరక్రమంలో సర్దేశాను.

అంతే. నేను చేసింది అంతే. ఎవరూ అడగలేదు. అవసరమూ లేదు. సర్దాక తెరను కాసేపు ముచ్చటగా చూసుకున్నాను కూడా. నాన్న చూస్తే మెచ్చుకునేవారు.

ఒకే స్థాయిలో ఉన్న డ్రైవర్లను కెర్నెల్ ఏ వరుసలో లేపుతుందో తెలుసా? ఆ ఫైల్లో పేర్లు ఏ వరుసలో ఉంటే ఆ వరుసలో. ఇది నాకు తెలియని విషయం కాదు. చదువుకున్నాను, పరీక్షలో రాశాను, ఉద్యోగం ఇంటర్వ్యూలో అడిగితే చెప్పాను కూడా. అయినా ఆ మధ్యాహ్నం గుర్తురాలేదు. ఎందుకు రాలేదు? చాలాసార్లు అడిగి చూసుకున్నాను. ఎదుటివాడు అశ్రద్ధ మనిషి అని ముందే తేల్చేసుకున్నాక, అతను చేసినదాంట్లో ఆలోచన ఉంటుందని మనసుకు తట్టదు. నేను చిందరవందర అనుకున్నదే ఆయన ఆలోచన. 'గేట్' మొదటి అక్షరం 'లెవెల్' మొదటి అక్షరానికి ముందుంటుంది కదా. షట్టరు డ్రైవర్ పైకొచ్చింది. గేజి డ్రైవర్ కిందికి పోయింది.

షట్టరు డ్రైవర్ లేవగానే, సముద్రం వైపు మట్టం ఎంత ఉందని ఒకసారి అడుగుతుంది. గేజి ఇంకా లేవలేదు కాబట్టి జవాబు సున్నా. సున్నా అంటే సముద్రం బాగా కిందికి ఉందని దాని లెక్క. పాటు వేళ అనుకుని షట్టరు ఎత్తడం మొదలుపెడుతుంది. మధ్యలో ఆపితే మోటారు పాడవుతుందని, ఒకసారి మొదలుపెడితే పూర్తిగా ఎత్తేదాకా ఆగదు. ఈలోపు గేజి లేస్తుంది, అసలు మట్టం చెబుతుంది, షట్టరు మళ్ళీ కిందికి దిగుతుంది. ఇంట్లో బల్ల మీద పెట్టి పరీక్ష చేసినప్పుడు ఇదంతా క్షణాల్లో అయిపోయింది. చివరికి దిగిందా లేదా అని చూశాను, దిగింది. బల్ల మీద సముద్రం లేదు కదా. కొత్త ప్రోగ్రామును ఆ షట్టరు పెట్టెకు పంపించేశాను.

తొలకరి పడి వరి నారుకు ఆకుమళ్ళు పోసుకున్న రోజులు. అమావాస్య పోటు. ఆ పూట దివిసీమలో పొద్దుటి నుంచీ కరెంటు లేదు. మిట్టమధ్యాహ్నం ఒక్కసారి వచ్చింది. షట్టరు పైకి లేచేంతసేపు ఉండి, మళ్ళీ పోయింది. ఇక సాయంత్రం దాకా రాలేదు. ఎత్తిన షట్టరు చాలాసేపు ఎత్తే ఉండిపోయింది. ఉప్పునీరు డ్రెయిన్‌లోకి ఎదురెక్కి, చిన్న కాలువల్లోంచి ఆకుమళ్ళలోకి పోయింది.

నాంచారయ్య గట్టు మీద బడ్డీ దగ్గర టీ తాగుతున్నాడు. శబ్దం విని పరిగెత్తుకొచ్చాడు. ఒంటరి మనిషి. ఇంతకుముందు ఇద్దరు లస్కర్లు ఉండేవాళ్ళు. పెట్టె వచ్చాక ఒక్కడు చాలని రెండోవాణ్ణి తీసేశారు. హ్యాండిల్ పట్టుకుని, బలమంతా పెట్టి, షట్టరును కిందికి దించడానికి తిప్పుతున్నాడు, ఒక్కడి వల్ల అది అంగుళం అంగుళంగానే దిగుతోంది. సరిగ్గా అప్పుడే రైతులు వచ్చారు. వాళ్ళకు కనిపించింది ఏమిటి? ఎత్తి ఉన్న షట్టరు. హ్యాండిల్ మీద లస్కరు చేతులు.

మర్నాడు కంపెనీ వాళ్ళు నన్ను వెళ్ళమన్నారు. గుడివాడ నుంచి పామర్రు మీదుగా అవనిగడ్డ వెళ్ళి, అక్కడ ఆటో ఎక్కాను. దారిలో నా మనసులో ఏ అనుమానమూ లేదు. ఇది నిజం. ఎవరో ఏదో చేసి ఉంటారు, మన పెట్టె శుభ్రంగా ఉంది అనే అనుకున్నాను. ఆటో దిగేసరికి గట్టు నిండా జనం. ఇరిగేషన్ ఏఈ గారు ఉన్నారు. నాంచారయ్య కాస్త దూరంగా, తువ్వాలు చేతిలో నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన ముఖం వికసించింది. అదే నేను భరించలేనిది. నన్ను చూసి, హమ్మయ్య అనుకున్నాడు.

లాప్‌టాప్‌ను పెట్టెకు తగిలించాను. కరెంటు వచ్చిన క్షణం నుంచి కెర్నెల్ చేసిన ప్రతి పనీ తెర మీద వరసగా వస్తుంది. వచ్చింది. గేట్ లేచింది అని ఉంది. దాని కింద, లెవెల్ లేచింది అని ఉంది. ఆ రెండు ముక్కలూ మళ్ళీ చదివాను. పేర్లు సర్దిన మధ్యాహ్నం, ఆ ఫైలు, నేను చూసుకున్న ముచ్చట, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. ఏఈ గారు నా వెనకే నిలబడి ఉన్నారు. తెర ఆయనకూ కనిపిస్తోంది. ఆయనకు అది అర్థం కాదు. అక్కడున్నవాళ్ళలో అది చదవగలిగింది నేనొక్కదాన్నే.

"ఏమ్మా, పోటు మీద ఇది మనిషి చెయ్యి పడకుండా దానంతటదే లేచే అవకాశం ఉందా?" అని అడిగారు ఏఈ గారు.

"కరెంటొచ్చిందండి, గిర్రుమందండి, నేను పరిగెత్తుకొచ్చేసరికే పైకెళ్ళిపోయిందండి" అన్నాడు నాంచారయ్య. "నేను దించుతన్నానండి, ఎత్తలేదండి. అమ్మాయిగారికి తెలుసండి. అమ్మాయిగార్ని అడగండి."

అందరూ నావైపు చూశారు.

"లేదండీ. పోటు వేళ ఎవరైనా పెట్టె మీది బటన్ నొక్కితేనే లేస్తుంది" అన్నాను.

"ఖాయమేనా?"

"ఖాయమేనండీ."

లాప్‌టాప్ మూసేశాను.

వెనక ఎవరో రైతు పెద్దగా తిట్టాడు. ఆ అమ్మాయి అబద్ధం చెబుతోంది అని నాంచారయ్య అనలేదు. నావైపు చూశాడు, తర్వాత తన చేతులవైపు చూసుకున్నాడు. ఆ చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఎందుకు అలా అన్నాను? ఉద్యోగం పోతుందనా? పోయేది కాదు. మా బాస్ మంచివాడు, నాలుగు చివాట్లు పెట్టి ఊరుకునేవాడు. కంపెనీకి చెడ్డపేరు వస్తుందనా? మీకు అలా చెప్పొచ్చు, నమ్ముతారు కూడా. కానీ ఆ క్షణంలో కంపెనీ నాకు గుర్తే లేదు. నా పనిలో వంక ఉందని నలుగురి ముందూ నా నోటితో అనలేకపోయాను. అంతే. చిన్నప్పటి నుంచీ నా నోటుపుస్తకాన్ని క్లాసులో అందరికీ చూపించేవారు. కొట్టివేత లేని పుస్తకం. అక్కడ గట్టు మీద, బురదలో నిలబడి కూడా నేను ఆ పుస్తకాన్నే కాపాడుకున్నాను. ఒక మనిషి బతుకు పక్కన అదెంత? కానీ ఆ పూట అదే పెద్దగా కనిపించింది.

ఇంటికొచ్చాక మొట్టమొదట చేసిన పని, ఆ ఫైల్లో పేర్లను పాత వరుసలో పెట్టెయ్యడం. పక్కన, ఈ వరుస మార్చవద్దు అని రాశాను. ఇంకేవో చిన్నచిన్న మార్పుల్లో కలిపేసి పెట్టెకు పంపించాను. ఎవరూ ఏమీ అడగలేదు. ఇరిగేషన్ వాళ్ళు నాంచారయ్యను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ తర్వాత ఎన్ని కరెంటు కోతలు వచ్చినా ఆ షట్టరు తప్పుగా లేవలేదు. నాంచారయ్యను తీసేశాక లేవలేదు కాబట్టి, లేపింది నాంచారయ్యే అని ఊళ్ళో మరింత గట్టిపడింది. యంత్రాన్ని బాగుచేసి ఆయన మీద ఇంకో సాక్ష్యం పుట్టించాను. ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఆకుమళ్ళు పోయినవాళ్ళలో కొందరు ఎక్కణ్ణుంచో నారు తెచ్చుకుని నాట్లు వేశారు. కొన్ని చేలు ఆ ఏడు బీడుగానే ఉండిపోయాయి. వాళ్ళకూ నేను బాకీనే. వాళ్ళు నన్ను తిట్టాల్సిన తిట్లన్నీ ఆయన్ను తిట్టారు. చెరువుల వాళ్ళ దగ్గర తిన్నాడన్నారు. టీ బడ్డీ దగ్గర ఆయన కూర్చుంటే పక్కవాళ్ళు లేచిపోయేవారట. చివరికి ఊళ్ళో ఉండలేక కృత్తివెన్ను దగ్గర చెల్లెలింటికి వెళ్ళిపోయాడు. అక్కడ ఆయనకు దొరికే పని ఏముంది? రొయ్యల చెరువు మీద కాపలా. చూశారా, చివరికి వాళ్ళ పంచనే చేరాడు, అప్పుడే తెలుసు మాకు అన్నారట ఊళ్ళోవాళ్ళు. ఇవన్నీ తర్వాత పని మీద అక్కడికి వెళ్ళినప్పుడు కొత్త లస్కరు చెప్పాడు. నేను పెట్టె మీద దుమ్ము తుడుస్తూ విన్నాను.

ఇంకో సంగతి. ఇది చెప్పడానికి మొదటిదాని కన్నా సిగ్గుగా ఉంది. ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు పిల్లలకు మాట్లాడమని పిలిచారు. డ్రైవర్లను ఏ వరుసలో లేపాలి, ఆ వరుస తప్పితే ఏమవుతుంది అన్న విషయం మీద మాట్లాడాను. ఎక్కడో ఒక కంపెనీలో ఎవరో ఒకామె పేర్లన్నీ అక్షరక్రమంలో సర్దేసిందట అని కథలా చెప్పాను. పిల్లలు ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. అంత తెలివితక్కువగా ఎవరైనా చేస్తారా మేడమ్ అని ఒకమ్మాయి అడిగింది. చేస్తారమ్మా అన్నాను. శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పటికీ బీరువాలో అడుగున ఉంది, మడత విప్పలేదు.

ఇక్కడితో అయిపోతే నేను బహుశా ఇది రాసేదాన్ని కాదు. మనుషులు ఇంతకన్నా పెద్దవే కడుపులో పెట్టుకుని హాయిగా బతికేస్తారు. నేనూ బతికేసేదాన్నే.

మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కు రోల్డ్‌గోల్డ్ గాజులు కొందామని చిలకలపూడి వెళ్ళాను. షాపు బయట బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. ఆ లేవడం చూసి గుర్తుపట్టాను. బాగా చిక్కిపోయాడు. చెల్లెలు మనవరాలికి గొలుసు కొనుక్కుంటోందని, తను తోడొచ్చానని చెప్పాడు. మా పిల్లల్ని అడిగాడు, మా ఆయన్ను అడిగాడు. నేను గాజుల డబ్బా మూత తీస్తూ, పెడుతూ జవాబులు చెప్పాను. పారిపోదామా అనుకున్నాను. అప్పుడే ఆయన గొంతు తగ్గించాడు.

"అమ్మాయిగారూ, ఒక్క మాటండి. ఆ రోజు నేను అబద్ధమాడానని మీరు అనుకుంటున్నారేమోనండి. నాకు నిజంగానే తెలవదండి. మీరు చెప్పాక బాగా ఆలోచించానండి. పొద్దున్నే పెట్టె తుడిచాను కదండి, అప్పుడు తువ్వాలు బటన్‌కి తగిలుంటుంది. కరెంటు రాగానే లేచేసింది. మీరు చదువుకున్నోళ్ళు, మీరు చెప్పింది ఎందుకు తప్పవుద్దండి? నా చెయ్యే. మీరు నన్ను నమ్మి అప్పగిస్తే మీ పెట్టెకి చెడ్డపేరు తెచ్చాను. మనసులో పెట్టుకోకండమ్మా."

రెండు చేతులూ జోడించాడు.

అప్పుడు అర్థమైంది, ఆ రోజు గట్టు మీద తన చేతులవైపు ఎందుకు చూసుకున్నాడో. నేను అబద్ధం చెబుతున్నానని ఆయనకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. నా మాట విని, తన చేతుల్నే అనుమానించాడు. ఊరంతా కాదన్నా, నేను చెయ్యలేదు అన్న ఒక్క నమ్మకం మనిషికి మిగులుతుంది కదా, దానితోనైనా పడుకుంటాడు కదా అని నేను ఇన్నాళ్ళూ నన్ను ఊరడించుకున్నాను. అది కూడా ఆయనకు మిగల్చలేదు నేను. ఉద్యోగం తీసింది ఆఫీసు వాళ్ళు, పరువు తీసింది ఊరి వాళ్ళు అనుకోవచ్చు. ఇది మాత్రం నేనొక్కదాన్నే తీశాను.

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం వస్తుందా? ఎదురుగా ఉన్నాడు. చేతులు జోడించి ఉన్నాడు. నోరు తెరిచాను కూడా.

"ఫర్వాలేదులే బాబాయ్" అన్నాను.

విన్నారా? ఫర్వాలేదులే అన్నాను. ఆయన్ను క్షమించాను. ఏమీ చెయ్యని మనిషిని పెద్దమనసుతో క్షమించి, గాజులు బేరమాడి కొనుక్కుని, ఆటో ఎక్కాను. ఆటో కదిలాక వెనక్కి తిరిగి చూస్తే, ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. ముఖంలో తేలిక కనిపించింది. నా క్షమ దొరికిందని ఆయనకు తేలిక.

గట్టు మీద ఆడిన అబద్ధం భయంలో ఆడాను అనుకోవచ్చు. ఈ రెండోదాన్ని ఏమనాలి? అప్పుడు ఏఈ గారు లేరు, రైతులు లేరు, ఎవరూ నన్ను అడగలేదు. తీరిగ్గా, నవ్వుతూ అన్నాను. నేను ఎలాంటి మనిషినో ఆ ఒక్క మాటతో నాకు తెలిసిపోయింది. అప్పటి నుంచి పోపు డబ్బాలు సర్దాలన్నా చెయ్యి రావడం లేదు. అమ్మ వచ్చినప్పుడు చూసి, నీకేమైందే, ఆవాల పక్కన మెంతులున్నాయి అంది. పని ఎక్కువైంది అన్నాను.

కృత్తివెన్ను వెళ్ళి చెబుతానా? బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను ఒకసారి. చెబితే ఆయన ఏమంటాడో తెలియదు. తిట్టినా బాగుండును. పోనీలెండి అమ్మాయిగారూ అంటాడేమోనని నా భయం. అనగల మనిషే. అలా అంటే నేను మళ్ళీ హాయిగా ఆటో ఎక్కేస్తాను. నాకు ఆ మాట వద్దు. మీ దగ్గర్నుంచి కూడా వద్దు. పాపం చిన్న పొరపాటే కదా అని మీలో ఎవరికైనా అనిపిస్తుంటే, దయచేసి ఆయన జోడించిన చేతుల దగ్గరికి వెళ్ళి మళ్ళీ చదవండి.

ఇది రాస్తుంటే గుండెల మీద నుంచి కొంచెం బరువు దిగినట్టుంది. దిగే హక్కు నాకు ఉందో లేదో తెలియదు. కానీ దిగింది, అబద్ధం చెప్పను. ఇన్నేళ్ళ తర్వాత ఉన్నదున్నట్టు కొన్ని మాటలు నా చేతి నుంచి వచ్చాయి. మిగిలినవి కూడా రాసేస్తాను. గట్టు మీద అనాల్సినవి, చిలకలపూడిలో అనాల్సినవి.

మీ తువ్వాలు తగల్లేదు బాబాయ్. ఆ పొద్దున పెట్టెకు కరెంటే లేదు, బటన్ నొక్కినా ఏమీ అయ్యేది కాదు. కరెంటు ఉన్నా, కాసేపు గట్టిగా అదిమి పట్టుకుంటే తప్ప ఆ బటన్ పనిచెయ్యదు. పొరపాటున ఎవరి చెయ్యైనా తగులుతుందేమోనని అలా పెట్టింది నేనే. మీరు చెప్పినట్టే కరెంటొచ్చింది, గిర్రుమంది, దానంతటదే లేచింది. మీ చేతులు దాన్ని దించడానికే వెళ్ళాయి.

వరుస మార్చింది నేనే.